టిక్ పెట్టని గడి

మొదటి రోజే రామతులసి నన్ను గుమ్మంలో నిలబెట్టి తిట్టింది.

"మీ కంపెనీ మా ఇంటి తలుపుకి తాళం వేసిందండి. తీస్తారా, కనెక్షన్ పీకేయమంటారా?"

నేను నిచ్చెన గోడకి ఆనించి చెప్పులు విప్పుతున్నాను. తలుపు బార్లా తెరిచే ఉంది. తాళం ఎక్కడా కనిపించలేదు. తలుపు వైపూ ఆమె వైపూ చూశాను.

"ఆ తలుపు కాదండీ బాబూ! ఎనభై నంబరు తలుపు. నెట్‌లో."

అప్పుడర్థమైంది. నవ్వు రాబోయింది గానీ ఆపుకున్నాను. ఆమె జడలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. అది ఉన్న సంగతి మరిచిపోయి ఇంకో పెన్సిలు కోసం బల్లంతా వెతుకుతోంది.

"మీకు మాటలు రావాండి?" అంది.

"వస్తాయండి."

"మరి?"

"అవసరమైతే వాడతానండి."

"అబ్బో! పొదుపు!" అని లోపలికి నడిచింది.

యానాం దాటి గౌతమి గట్టు వెంట నాలుగు కిలోమీటర్లు వస్తే వాళ్ళ పేట. అందరివీ చేపల వేట ఇళ్ళే. ఆమె తండ్రి సత్తియ్య గారు రేవులో చేప కొని లారీలకి ఎక్కిస్తారు. నాది పక్క ఊరు. పేరు ప్రసన్నకుమార్. మా నాన్నకీ పడవే, కానీ పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకని ఊళ్ళో పదో తరగతి అవగానే కేబుల్ పనిలో చేరాను. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో నెట్ ఆగినా పిలుపు నాకే వస్తుంది.

లోపల గదిలో, బోర్లించిన చేపల ట్రే మీద ఒక పాత కంప్యూటరు గుర్రుమంటోంది. ఆమె కాకినాడలో కంప్యూటర్స్ చదువుకుని వచ్చింది. రోజూ పొద్దున్న ఆరింటికల్లా ఏ రేవులో ఏ చేప దిగిందో, సముద్రం పోటు ఎన్నింటికో, గాలి ఎటు వీస్తోందో అందులో పెడుతోంది. 'రేవుకబురు' అని నెట్‌లో ఒక పేరు కూడా కొనుక్కుంది. ఆ పేరు ఫోన్‌లో కొడితే ఎక్కడున్నవాళ్ళకైనా ఆ ట్రే మీది కంప్యూటరే జవాబు చెప్పాలి. చెప్పడం లేదు. అదీ గొడవ.

ప్రతి కంప్యూటరుకీ ఒక ఇంటికి ఉన్నట్టే అడ్రసు ఉంటుంది. ఆ ఇంటికి వేల తలుపులు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. పేరు కొట్టి వచ్చేవాళ్ళు మామూలుగా ఎనభై దగ్గరికే వస్తారు. మా కంపెనీ ఇళ్ళ కనెక్షన్లకి ఆ ఎనభైని మూసేస్తుంది. ఇళ్ళల్లో సర్వర్లు పెట్టుకోకూడదని వాళ్ళ రూలు.

"వేరేవాళ్ళ సర్వర్లో అద్దెకి చోటు దొరుకుతుంది కదండి. ఎక్కడైనా పెట్టుకోవచ్చు," అన్నాను.

"మా ఇంట్లో మిషను ఉండగా పరాయి పంచన ఎందుకండి?"

ఎనభై పక్కన పెట్టి, ఎనభై ఎనభై నంబరు తలుపు తెరిచి ఇచ్చి వచ్చాను. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ ఫోను.

"తలుపు తెరిచారు బాగానే ఉంది. మా వాళ్ళకి దారి తెలియొద్దాండి? పేరు కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి, ఎనభై ఎనభై కొట్టమంటే ఎవరు కొడతారు? ఆ చుక్కలు ఎక్కడున్నాయో మా చిన్నాన్నకి ఫోన్‌లో దొరకనేలేదు. ఇంకో మావయ్య ఎనభై ఎనభైకి ఫోన్ చేసి, ఎవరూ ఎత్తట్లేదంటున్నాడు!"

"వస్తున్నానండి," అన్నాను.

పేరుకి ఎదురుగా ఇంటి అడ్రసు ఒక్కటే రాయనిస్తారు. తలుపు నంబరు రాయనివ్వరు. ఆ సంగతి తెలుసుకోవడానికే నాకు రెండు వారాలు పట్టింది. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఉపాయం దొరికింది. పేరు అమ్మినవాళ్ళ సైటులోనే ఒక ఫారం ఉంది. ఈ పేరు మీద ఎవరొచ్చినా ఫలానా ఇంటికి, ఫలానా తలుపుకి మళ్ళించండి అని అందులో రాసి ఇవ్వొచ్చు.

ఇంటి అడ్రసు రాశాను. తలుపు ఎనభై ఎనభై రాశాను. కింద ఒక చిన్న గడి ఉంది. పేరు తర్వాత ఏటవాలు గీత గీసి, ఇంకో పేజీ పేరేదైనా కొట్టి వస్తే, దాన్ని కూడా వెంట పంపాలా అని అడుగుతోంది. పంపాలంటే టిక్ పెట్టాలి. ఉన్నది ఒక్కటే పేజీ. వెనక కొట్టడానికి ఏముంది అనుకున్నాను. గడిని ఖాళీగా వదిలేసి సేవ్ నొక్కాను.

ఆమె నా ఫోన్ లాక్కుని పేరు కొట్టింది. రేవు పేజీ వచ్చింది. పండుగప్ప, మాగ, మండపీత, పోటు ఏడూ ఇరవైకి.

"వచ్చింది!" అని అరిచి నా చేతి మీద ఒక్కటి చరిచింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని, "నాయనమ్మా, టీ!" అని లోపలికి కేకేసింది. టీ తాగినంతసేపూ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. కానీ ఆమె చెవి ఎర్రబడటం మాత్రం చూశాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో నెట్ తరచూ ఆగేది. వెళ్ళి చూస్తే ఏమీ ఉండేది కాదు. బిగుతుగా ఉన్న కనెక్టరునే విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి. ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుని కాకినాడ కబుర్లు చెప్పేది. నేను వినేవాణ్ణి.

వాళ్ళ నాయనమ్మ మహాలక్ష్మమ్మ గారు ఎండుచేపలు తిరగేస్తూ గుమ్మంలోంచి అడిగేవారు.

"ఏం అబ్బాయ్, తీగ దానంతటదే పాడవుతోందా, నువ్వు పాడుచేస్తున్నావా?"

"పాతదండి."

"ఎవరు? నేనా?"

"తీగండి!"

తులసి పకపకా నవ్వేది. నాకు ఆ నవ్వు ఇంటికొచ్చాక కూడా వినబడేది. ఇష్టమని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియదు. స్తంభం మీద ఏ తీగ ఎక్కడ తెగిందో కింద నుంచే చెప్పగలను గానీ, ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చి మళ్ళీ లోపలికే పోయేది. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి. అలా చాలా రేపులు అయ్యాయి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం తాళ్ళరేవు సెంటర్లో పని చేసుకుంటుండగా వాన పట్టుకుంది. సైకిల్ షాపు రేకుల కింద నిలబడ్డాను. రేకుల మీద వాన మోతలో ఫోన్ మోగిన సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది.

"ప్రసన్న గారూ, మన రేవుకబురు పేరు కొట్టి, గీత గీసి, పక్కన మీ పేరు ఇంగ్లీషులో కొట్టండి. ఇప్పుడే చూడండి. చూసి నాకు ఫోన్ చెయ్యండి." పెట్టేసింది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

తడి వేళ్ళతో కొట్టాను. రేవు పేజీ వచ్చింది. గులివిందలు, చందువా, పోటు మూడూ నలభైకి. రోజూ చూసేదే. ఏం చూడమంది? కిందిదాకా జరిపాను. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక కొత్త వరుస ఉంది. 'నెట్ సాయం: ప్రసన్నకుమార్.'

సంతోషమూ భయమూ ఒకేసారి కలిగాయి. నా పేరు ఆమె పేజీలో ఉంది. కానీ అదే పేజీ మా ఆఫీసులో ఎవరైనా చూస్తే? కంపెనీ మూసిన దారికి పక్కదారి వేసింది మనవాడేనని తెలిస్తే ఆ పూటే ఇంటికి పంపిస్తారు.

ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"చూశారా?"

"చూశానండి."

ఆవైపూ వానే, ఈవైపూ వానే.

"ఏమంటారు?"

బాగుందని చెప్పొచ్చు. నా పేరు పెట్టారు, సంతోషమండీ అని చెప్పొచ్చు. నా నోటికి వచ్చింది మాత్రం ఇది.

"ఎందుకండి ఇవన్నీ. తీసేయండి."

"తీసేయమంటారా?"

"అవునండి. ఎవరైనా చూస్తే బాగోదు. నా ఉద్యోగానికి ఇబ్బంది."

"సరేనండి," అంది. అంతే.

వారం పోయాక చూస్తే ఆ వరుస అలాగే ఉంది. తియ్యలేదు. నాకు లోలోపల సంతోషమే అయింది. నా పేరు మీద ఆమెకి అంత మమకారం ఉందనుకున్నాను. అలా అనుకుని రోజూ పొద్దున్నే ఆ పేజీ తెరిచి, కిందిదాకా జరిపి, నా పేరు చూసుకుని పనికి వెళ్ళేవాణ్ణి.

వాళ్ళింట్లో మాత్రం నెట్ ఆగడం మానేసింది. ఒకసారి నేనే కారణం కల్పించుకుని వెళ్ళాను. గుమ్మంలోనే, "అంతా బాగానే ఉందండి, థాంక్సండి," అంది. స్టూలు వెయ్యలేదు. మహాలక్ష్మమ్మ గారు కూడా ఎండుచేపల మీంచి తలెత్తలేదు. ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది. ఏంటని అడగలేదు. పడవలోంచి పక్కకి చూస్తే నీటి రంగు మారడం తెలిసినట్టు అన్నీ తెలిసేవి నాకు. అడగడం ఒక్కటే తెలియదు.

కార్తీకంలో రేవులో ఎదురుపడింది. చేప ట్రేలు లెక్క రాసుకుంటోంది. నన్ను చూసి కలం ఆపింది.

"జంగారెడ్డిగూడెం సంబంధం వచ్చిందండి. చేపల హోల్‌సేలు. సుధాకర్ అని. మంచివాళ్ళంటున్నారు."

నేను ఆమె చేతి గాజు మీదున్న చేప పొలుసు వైపు చూస్తున్నాను.

"మీరేమంటారు?" అంది.

"నేననేదేముందండి. మీ ఇష్టం."

"మీరు ఎప్పుడూ ఇంతేనాండి?" అని, జవాబు కోసం ఆగకుండా కలం పట్టుకుని ట్రేల వైపు వెళ్ళిపోయింది.

మాఘంలో ముహూర్తం పెట్టారు. ఐదు రోజుల ముందు సత్తియ్య గారే ఫోన్ చేశారు.

"బాబూ, మా అమ్మాయి ఆ కంప్యూటరు లేకుండా అత్తారింటికి వెళ్ళనంటోంది. సారెతో పాటు వ్యానులో పంపుతున్నాం. కాజాలు, బీరువా, ఈ డబ్బా! నువ్వొచ్చి ఆ దారీ అదీ మార్చిపెట్టు. ఇంకెవరికీ తెలియదంటోంది."

వెళ్ళాను. పెరట్లో ఆడవాళ్ళు పసుపు కొడుతున్నారు. రోకళ్ళ చప్పుడు, మధ్యలో పాట, పాట మధ్యలో వేళాకోళాలు. తులసి వాళ్ళ మధ్యలో ఉంది. మహాలక్ష్మమ్మ గారు నన్ను గదిలోకి పంపి, పెళ్ళికొడుకు పంపిన చీటీ బల్ల మీద పెట్టారు. జంగారెడ్డిగూడెం ఇంట్లో కొత్తగా తీసుకున్న కనెక్షన్ అడ్రసు అది.

పేరు అమ్మినవాళ్ళ ఫారం మళ్ళీ తెరిచాను. పాత అడ్రసు, ఎనభై ఎనభై, కింద ఖాళీ గడి. కొత్త ఇంట్లో ఆమె ఇంకో నాలుగు పేజీలు పెట్టుకోవచ్చు కదా, ఇప్పుడైనా సరిగ్గా చేద్దాం అనుకున్నాను. పాత అడ్రసు అలాగే ఉంచి, ముందు టిక్ పెట్టి సేవ్ నొక్కాను. పనిచేస్తుందో లేదో చూడాలంటే మొదటి పేజీ కాకుండా ఇంకొకటి కావాలి. ఏమైనా ఉందేమోనని మిషనులో ఫైళ్ళు తెరిచాను.

ఒకటుంది. దాని పేరు నా పేరు. తారీఖు శ్రావణానిది.

ఫోన్‌లో రేవుకబురు కొట్టి, గీత గీసి, నా పేరు కొట్టాను. ఈసారి వచ్చింది.

'ప్రసన్నకుమార్ గారికి,

ఈ పేజీ మీ ఒక్కరి కోసమే. దీనికి ఇంకెక్కడి నుంచీ దారి లేదు. మీరు మాట్లాడరు కాబట్టి మీ వాటా కూడా నేనే మాట్లాడుతున్నాను. బిగుతుగా ఉన్న కనెక్టరు తొమ్మిదిసార్లు విప్పారు. నేను లెక్కపెట్టాను. మీరంటే నాకు ఇష్టం. నాన్నకి చెప్పాను. "మాట్లాడని అల్లుడైతే ఇంట్లో గొడవుండదు, అడుగు," అన్నాడు. నాయనమ్మకి చెప్పక్కర్లేకపోయింది.

మీకూ ఇష్టమైతే ఏమీ చెప్పక్కర్లేదు. రేపు పొద్దున్న రేవుకి రండి, నాకు అర్థమవుతుంది. ఇష్టం లేకపోతే, తీసేయమని ఒక్క మాట చెప్పండి. మళ్ళీ ఎప్పుడూ ఎత్తను.

తులసి.'

మళ్ళీ మొదటి నుంచీ చదివాను. పెరట్లో పాట మారింది.

ఆ రోజు నేను అదే కొట్టాను. నేను ఖాళీగా వదిలిన గడి నా పేరుని దారిలోనే తీసేసి, నన్ను చేపల పేజీకి పంపింది. ఆమె ఇంట్లోనే కూర్చుని మిషనులో నేరుగా తెరిచి చూసుకుంది. ఆమెకి బాగానే వచ్చింది. బయటి నుంచి వచ్చేవాడికి రాదని ఆమెకెలా తెలుస్తుంది? తెలియాల్సింది నాకు.

"అయిందాండి?"

గుమ్మంలో తులసి. చేతులు మోచేతుల దాకా పసుపు. నా మొహం చూసింది. తర్వాత ఫోన్ వైపు చూసింది. అడుగు వెనక్కి పడబోయి ఆగింది.

"అది ఇంకా ఉందా!" అంది. "తీసేద్దామని రెండుసార్లు కూర్చున్నానండి. చెయ్యి రాలేదు. మీరు తీసెయ్యండి."

"ఇది నేను ఇప్పుడే చూస్తున్నానండి."

"ఏంటి?"

"ఆ రోజు నాకు ఇది రాలేదు. రేవు పేజీయే వచ్చింది. కింద నెట్ సాయం అని నా పేరుంది కదా, మీరు చూడమన్నది అదే అనుకున్నాను. అది తీసేయమన్నానండి. ఇది కాదు."

అన్ని మాటలు ఒకేసారి నేను ఎప్పుడూ మాట్లాడి ఉండను. గడి సంగతి చెప్పాను. ఎందుకు ఖాళీగా వదిలానో చెప్పాను. ఆమె గోడకి ఆనుకుని విన్నది. సున్నం మీద పసుపు వేళ్ళ మరకలు పడుతున్నాయి, ఆమె గమనించలేదు.

"ఆ కింద పేరు అంతకు ముందు వారమే పెట్టానండి," అంది చివరికి. నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "అన్నీ చూస్తారు, అది ఒక్కటీ ఆ రోజే చూడాలా? మర్నాడు పొద్దున్న రేవులో తొమ్మిదింటి దాకా నిలబడ్డాను. తీసేయమన్నా సరే, వస్తారేమోనని."

"నాకు తెలియదండి."

"తెలియదు. ఒప్పుకుంటాను. మరి ఆ తర్వాత? ఇంటికొచ్చారు, స్టూలు వెయ్యలేదు. ఎందుకని అడగలేదు. రేవులో సంబంధం అని చెప్పాను. మీరేమంటారని అడిగాను కూడా. అక్కడ ఏ గడి అడ్డమొచ్చిందండి?"

నేను ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాను.

"నేనైనా మళ్ళీ అడగాల్సింది," అంది నెమ్మదిగా. "ఎత్తనని రాశాను కదా. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. పొగరు."

"ఇప్పుడు..." అన్నాను.

"ఇప్పుడు ఏమీ లేదండి." ఆ మాట కోపంగా అనలేదు. "పెళ్ళిచూపుల్లో అందరి ముందూ అడిగాడాయన. 'నేను నచ్చానాండి? నచ్చకపోతే ఇప్పుడే చెప్పండి, టీ తాగేసి వెళ్ళిపోతాం' అని. వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఇష్టపడే ఒప్పుకున్నానండి. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇప్పుడు ఆయనకి నేను ఏమని చెప్పాలి?"

పెరట్లోంచి మహాలక్ష్మమ్మ గారి కేక. "తులసీ! రోకలి పట్టుకునేవాళ్ళు లేరే ఇక్కడ!"

"వస్తున్నా!" అని, నా వైపు తిరిగింది. "ఒక్కటి చెప్పండి. ఆ రోజు ఈ పేజీ వచ్చుంటే ఏం చేసేవారు? నాకు తెలియాలి."

నేను లేచి నిలబడ్డాను.

"రేవుకి వచ్చేవాణ్ణండి. పడవలు రాకముందే వచ్చి నిలబడేవాణ్ణి. మీరంటే నాకు మొదటి రోజు నుంచీ ఇష్టం. జడలో పెన్సిలు పెట్టుకుని పెన్సిలు కోసం వెతికారు. ఆ రోజు నుంచీ."

ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. చెంప మీద పసుపు అంటుకుంది.

"చాలండి," అంది. ఊపిరి తీసుకుంది. "అడ్రసు మార్చేశారా?"

"ఇంకా లేదండి."

"మార్చండి. నేను చదువుతాను."

చీటీ అందుకుంది. ఒక్కో అంకె చదివింది, నేను ఒక్కోటీ కొట్టాను. మధ్యలో ఒకచోట చదవడం ఆపింది. నేను ఆగాను. మళ్ళీ చదివింది. చివర తలుపు నంబరు, అదే ఎనభై ఎనభై.

వేలు సేవ్ మీద పెట్టాను. నొక్కలేదు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాను.

"నొక్కమంటారాండి?" అని అడిగాను.

ఆమె చీటీని రెండు మడతలు పెట్టింది. పెరట్లో రోకళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

"నొక్కండి," అంది.